మోకాలి గుజ్జుకు కపిల తోలేదెవరు?

కళ్యాణదుర్గం ప్రాంతానికి చెందిన ఒక రైతు మహిళ ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారు సార్. నడిస్తే ఆ మిగిలింది కూడా అరిగిపోతుంది కదా, కదలకుండా కూర్చోవడమే మేలు కదా?" పొద్దున్నుంచి విత్తనపు చెనిక్కాయలు ఒలుస్తూ నాపరాళ్ళ అరుగు మీద కూర్చున్న ఆమె, అడుగుతూనే లేచారు. ఒక అరచేయి రాతికి, రెండోది తొడకు ఆనించి, క్షణం ఆగి, పళ్ళు బిగించి నడుము ఎత్తారు.

ఆమె భయం అర్థం లేనిది కాదు. చెప్పు నడిచేకొద్దీ అరుగుతుంది, మోకాలూ అంతేననుకోవడం సహజమే. అయితే చెప్పుకు తిండి అక్కర్లేదు, మోకాలి గుజ్జుకు కావాలి.

గుజ్జు అని మనం పిలిచేది ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థిని. మోకాలిలో దాని మందం కొన్ని మిల్లీమీటర్లే. అందులో రక్తనాళాలు లేవు, నాడులు కూడా లేవు. పిల్లలకు 206 ఎముకల లెక్క చెప్పిస్తాం గానీ, రక్తమే చేరని ఈ కణజాలం ఎలా బతుకుతుందో బడిలో చెప్పము. నాకు ఇది తీరని వెలితిగానే తోస్తుంది, ఎందుకంటే జవాబు మన పాత బావుల దగ్గరే ఉంది.

కపిల బావిని చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఎద్దులు వాలు దారిలో దిగితే మోకు లాగబడి నిండిన బాన పైకి వస్తుంది, నీళ్ళు కాలువలో పడతాయి. ఎద్దులు వెనక్కి నడిస్తే ఖాళీ బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. పైరు తడవాలంటే ఈ రెండు కదలికలూ కావాలి. మోకాలిలో బావి అంటే కీలు లోపల ఉండే సైనోవియల్ ద్రవం, పైరు అంటే మృదులాస్థిలోని కణాలు. అడుగు వేసినప్పుడు బరువు పడి మృదులాస్థి నొక్కుకుంటుంది, లోపలి నీరు వ్యర్థాలతో సహా బయటికి వస్తుంది. కాలు ఎత్తగానే అది ఉబ్బి, పోషకాలున్న ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది. గంటల తరబడి గొంతుకూర్చోవడమంటే ఎద్దులు వాలు కింద నిలిచిపోవడం: నొక్కిన గుజ్జు నొక్కినట్టే ఉంటుంది. రోజంతా మంచం మీద ఉండటమంటే ఎద్దులను కొట్టంలో కట్టేయడం: అసలు నొక్కుడే ఉండదు. రెంటిలోనూ కాలువ ఎండుతుంది.

ఉబ్బే శక్తి ఎక్కడిదంటే, మృదులాస్థి బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. రెండో రకం కొల్లాజెన్ పోగులు వలలా అల్లుకుని ఉంటే, ఆ వలలో అగ్రికాన్ అనే భారీ అణువులు చిక్కుకుని ఉంటాయి. వాటిమీది రుణావేశాలు సోడియం అయాన్లను, వాటి వెంట నీటిని లాక్కుంటాయి. హఠాత్తుగా బరువు పడినప్పుడు అందులో అధికభాగాన్ని మోసేది ఆ బందీ అయిన నీటి పీడనమే. గుజ్జు అరిగే కీళ్ళవాతంలో (ఆస్టియో ఆర్థ్రైటిస్) వల తెగుతుంది, అగ్రికాన్ తగ్గుతుంది, నీరు నిలబడదు. గుంజీళ్ళు తీసినవారి మోకాళ్ళను ఎంఆర్‌ఐతో చూస్తే చిప్ప వెనుక గుజ్జు కొద్దిగా పలచబడి, విశ్రాంతి తర్వాత మళ్ళీ కోలుకోవడం కనిపించింది.

మోయలేనంత బాన కడితే మోకు తెగుతుందన్నది కూడా నిజమే. శరీరం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఐదు కిలోలు తగ్గిన మనిషి రోజుకు 3,000 అడుగులు వేస్తే, ఒక్కో మోకాలికి 1,500 అడుగుల్లో కలిపి 30 టన్నుల భారం తప్పుతుంది. అందుకే సంగటి ముద్ద పరిమాణం గురించి మాట్లాడతాను గానీ వంకాయ, ఉర్లగడ్డ మానమని చెప్పను. వాతం చేస్తాయన్న పేరు మోస్తున్నా, గుజ్జును అరగదీసే శక్తి వాటికి లేదు.

ఎద్దుల బలం తొడ ముందు కండరానిది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, ఐదు లెక్కపెట్టేదాకా బిగబట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు చేస్తే, అడుగు పడినప్పటి అదురును ఆ కండరం కొంత తనమీద వేసుకుంటుంది. నడక తర్వాతి నొప్పి మరునాటికీ ఉంటే దూరం తగ్గించాలి గానీ నడక మానకూడదు.

అయితే పొద్దున్నే కీళ్ళు గంటకు పైగా బిగుసుకుపోయి, వేళ్ళ కణుపులు వాచి వేడిగా ఉంటే అది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే శరీర రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు, కావచ్చు. దానికి మందులు ఆలస్యం కాకుండా మొదలుపెట్టాలి, నడక ఒక్కటే చాలదు. మన అనంతపురం, కడప పల్లెల్లో మరో అనుమానం కూడా పెట్టుకోవాలి. బోరునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళ తరబడి తాగినవారికి మెడ, నడుము, కీళ్ళు బిగుసుకుపోవచ్చు. అక్కడ మార్చవలసింది ముందు నీటిని.

ఆ రైతు మహిళకు ఒక ఎత్తు పీట వేయించుకోమని, చెనిక్కాయలు దాని మీద కూర్చుని ఒలవమని, అరగంటకోసారి లేచి వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్ళి రమ్మని చెప్పాను. పీట ఎంత ఎత్తుండాలని అడిగారు. కూర్చుంటే తొడ మోకాలి కన్నా కిందికి పోకుండా, పాదాలు నేలకు ఆనేంత అన్నాను.