సీఎస్‌ఎస్ స్ప్రైట్లు: అపోహలు - వాస్తవాలు

వెబ్‌పేజీలోని ఐకాన్లన్నీ ఒకే పెద్ద బొమ్మగా (షీట్) కలిపి, సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) బ్యాక్‌గ్రౌండ్ పొజిషన్‌తో కావాల్సిన ముక్కే చూపించే పద్ధతే స్ప్రైట్. ఇది 2004లో వెబ్ డిజైనర్ డేవ్ షే రాసిన వ్యాసంతో బాగా పాకింది. అప్పట్లో ఫొటోషాప్‌లో చేత్తో పేర్చేవాళ్లు. ఇప్పుడు స్ప్రైట్‌స్మిత్ లాంటి టూల్ సైట్ ఫైళ్లను సిద్ధం చేసే దశలోనే (బిల్డ్) ఆ పని చేసిపెడుతుంది.

అపోహ: హెచ్‌టీటీపీ/2 (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిలో రెండో వెర్షన్) వచ్చాక స్ప్రైట్లతో పనిలేదు.

సగం నిజం. హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్లు ఒక హోస్ట్‌కి మామూలుగా 6 కనెక్షన్లే తెరుస్తాయి. మిగతా ఐకాన్లు క్యూలో నిలబడాలి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ/2 అన్నిటినీ ఒకే కనెక్షన్ మీద పంపుతుంది కాబట్టి ఆ క్యూ పోయింది. పేజీకి ఐదారు ఐకాన్లే ఉంటే స్ప్రైట్ జోలికి పోకండి. దేశాల జెండాల్లాగా వందల్లో ఉంటే మాత్రం ఇప్పటికీ లాభమే.

అపోహ: ఎన్ని కలిపితే అంత వేగం.

ఫైలు సైజు చూసి మోసపోవద్దు. బ్రౌజర్ బొమ్మను విప్పి మెమరీలో పెట్టుకునేటప్పుడు పిక్సెల్‌కి 4 బైట్లు పడతాయి. 1000 × 2000 షీట్ డిస్క్ మీద 60 కేబీయే ఉన్నా, మెమరీలో దాదాపు 8 ఎంబీ తింటుంది. అందులో సగం ఖాళీ చోటైనా లెక్క అదే. ఫొటోలైతే అస్సలు కలపకండి.

అపోహ: టూల్ పెట్టేశాం, ఇక చూసుకోనక్కర్లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గల్ప్ అనే బిల్డ్ టూల్‌తో వాడే స్ప్రైట్‌స్మిత్‌లో మనం ఇవ్వకపోతే ప్యాడింగ్ (బొమ్మల మధ్య ఖాళీ) సున్నా. బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. జూమ్ 110 శాతం పెట్టగానే పొజిషన్ భిన్నాల్లోకి పోయి, కార్ట్ ఐకాన్ అంచున పక్కదాని ఎర్రగీత తొంగిచూస్తుంది. 2 నుంచి 4 పిక్సెళ్లు ఇస్తే చాలావరకు పోతుంది.

అంతకంటే చిరాకు పెట్టేది క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పాత కాపీలు). కొత్త ఐకాన్ ఒక్కటి చేర్చినా టూల్ మొత్తం మళ్లీ పేరుస్తుంది, పొజిషన్లు మారిపోతాయి. యూజర్ దగ్గర పాత సీఎస్‌ఎస్ మిగిలి, షీట్ మాత్రం కొత్తది దిగిందనుకోండి: సెర్చ్ భూతద్దం ఉండాల్సిన చోట డస్ట్‌బిన్ ప్రత్యక్షం. "నా సిస్టమ్‌లో బాగానే ఉందే" అని డెవలపర్, "మీరే వచ్చి చూడండి సార్" అని టెస్టర్. షీట్ పేరులో కంటెంట్ హ్యాష్ (ఫైలు మారితే తానూ మారే కోడ్) పెట్టండి. కొత్త వెర్షన్ సర్వర్‌కి ఎక్కాక (డిప్లాయ్) పాత షీట్‌ను వెంటనే తీసేయకండి, పాత సీఎస్‌ఎస్ దాన్నే అడుగుతుంది.

అపోహ: టూల్ ఫైలు సైజు కుదించి కూడా ఇస్తుంది.

కలుపుతుందంతే. పీఎన్‌జీ బొమ్మల సైజు తగ్గించే పీఎన్‌జీక్వాంట్ లాంటిది తర్వాతి స్టెప్‌గా మీరే జోడించాలి.

అపోహ: ఐకాన్ కంటికి కనబడితే చాలు.

బ్యాక్‌గ్రౌండ్ బొమ్మను స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవదు, ప్రింట్‌లోనూ మామూలుగా రాదు. బటన్‌కి పేరు విడిగా ఇవ్వాలి.

అపోహ: ఎస్‌వీజీ (పిక్సెళ్లతో కాక కోడ్‌తో గీసే బొమ్మ) స్ప్రైట్ కూడా ఇలాంటిదే.

పొజిషన్ లెక్కలే ఉండవు. ప్రతి ఐకాన్‌ను సింబల్ ట్యాగ్‌లో పెట్టి, దానికి ఐడీ ఇచ్చి, కావాల్సిన చోట యూజ్ ట్యాగ్‌తో పిలుస్తాం. రంగు కూడా సీఎస్‌ఎస్ నుంచే మార్చొచ్చు. ఒకే రంగు ఐకాన్లకి నేను ముందు చూసేది ఇదే. కాకపోతే ఆ ఫైలును వేరే డొమైన్‌లోని సీడీఎన్‌లో (ఫైళ్లను వేగంగా అందించే సర్వర్లు) పెడితే యూజ్ ట్యాగ్ దాన్ని తీసుకోదు. సొంత డొమైన్‌లోనే ఉంచాలి, లేదా పేజీలోనే పెట్టేయాలి.