వానకు పలక మందమే మందా? ఇంటి డెక్‌పై అపోహలు, వాస్తవాలు

పోయిన వారం విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారి మేడ మీద డెక్, అంటే దూలాల మీద పరిచిన చెక్క పలకల నేల, విప్పాను. రెండంగుళాల టేకు పలకలు, వేసి నాలుగేళ్లు. పైకి నిగనిగలాడుతున్నాయి. తిరగేస్తే కొన్నింటి అడుగు గోటితో నొక్కినా దిగిపోతోంది. అమ్మగారు పక్కనే నిలబడి, "ఇంకా మందంగా వేయించాల్సిందేమో బాబూ" అన్నారు. నా మనసు చివుక్కుమంది. ఈ పనిలోకి వచ్చి పదహారేళ్లయింది. ఇళ్లవాళ్ల చేత అనవసరంగా డబ్బు పోయించేది ఈ ఒక్క నమ్మకమే.

అపోహ: వానలు ఎక్కువ కాబట్టి పలక ఎంత మందంగా ఉంటే అంత మన్నుతుంది.

వాస్తవం: మందం మోసే బరువు కోసం, వాన కోసం కాదు. కాలు వేసినప్పుడు పలక కుంగకుండా ఉండటమే దాని పని. కింది దూలాల మధ్య దూరం 40 సెంటీమీటర్లు ఉంటే, చిత్రిక పట్టాక మిగిలే 25 మిల్లీమీటర్లు చాలు. దూరం 60 అయితే 38 కావాలి. దూలాలను దగ్గరికి జరిపితే పలక పలచబడినా గట్టిగానే ఉంటుంది. దూరం సగమైతే కుంగుదల ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అడితిలో కలప ఘనపుటడుగు లెక్కన అమ్ముతారు. నూరు చదరపు అడుగులకు అంగుళం చెక్క ఎనిమిది ఘనపుటడుగుల పైచిలుకు, రెండంగుళాలదైతే దాదాపు పదిహేడు. ఆ తేడా డబ్బుతో దూలాలు దగ్గరగా వేయించి, మంచి చేవ (మాను లోపలి గట్టి భాగం) ఉన్న చెక్క కొనుక్కోవచ్చు.

చెక్కను కుళ్లబెట్టేది తడవడం కాదు, ఆరకపోవడం. బూజు లోపలికి పాకాలంటే తేమ రోజుల తరబడి నిలిచి ఉండాలి. మందపు పలక ఒకసారి నానితే పలచటి దానికంటే చాలా నెమ్మదిగా ఆరుతుంది. విశాఖలో జూన్‌లో మొదలైన తడి అక్టోబరు వాయుగుండాల దాకా వదలదు, ఆపైన సముద్రపు గాలి. మాస్టారి ఇంట్లో పలకలను సందు లేకుండా బిగించారు. దూలాలను స్లాబు వాలుకు అడ్డంగా పరిచారు. నీరు పోయే దారి లేదు, కింద గాలి ఆడే చోటూ లేదు. పైగా మందానికే డబ్బంతా అయిపోయి, అంచుల్లో తెల్లచెక్క (బెరడు కింది లేత భాగం) ఉన్న టేకుతో సరిపెట్టారు. మొదట కుళ్లింది ఆ తెల్లచెక్కే. చేవకు ఉన్న ఓర్పు దానికి ఉండదు, టేకు పేరు చూసి మోసపోకండి.

"ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు మందపాటి చెక్కే వేస్తారు కదా" అని తరచూ అడుగుతారు. మా నాన్న అక్కడ పడవల పని చేశారు. ఉప్పునీటిలో మునిగి ఉండే చెక్క ఉబ్బి అతుకులు బిగుసుకోవాలి, అది పడవకు మేలు. అదే పడవలో వాననీరు దిగిన పైభాగం ముందు పాడవుతుందని ఆయన ఎప్పుడూ చెప్పేవారు. మేడ మీద డెక్‌కు పడేది ఆ వాననీరే.

ఇక మిగిలిన అపోహలు. పలక మందం ముప్పాతిక అంగుళం చాలంటారు. దూలాలు బాగా దగ్గరగా ఉంటేనే, అదీ వెడల్పు తక్కువ పలకలకే. వెడల్పయినది పలచగా ఉంటే దోనెలా వంగి స్క్రూలను పీకేస్తుంది. సందు వదిలితే అందం పోతుందంటారు. ఆరిన చెక్క వేస్తే 5 లేదా 6 మిల్లీమీటర్లు వదలండి, వానల్లో అందులో రెండు మూడు మిల్లీమీటర్లు అదే పూడుతుంది. వార్నిష్ వేస్తే చాలంటారు. ఆ పొర ఎండకు పగిలి, ఆ పగుళ్లలోకి దిగిన నీటిని లోపలే బంధిస్తుంది. ఏటా నూనె పట్టించండి, కోసిన కొసలకు ఇంకాస్త ఎక్కువ. సముద్రానికి దగ్గరగా ఉంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి. మామూలువి తుప్పు పట్టి పలక మీద నల్లటి చారలు పెడతాయి.

మాస్టారి పలకల్లో కుళ్లినవి, తెల్లచెక్క ఎక్కువగా ఉన్నవి తీసేస్తే పదకొండు గట్టివి మిగిలాయి. వాటిని మిల్లుకు తీసుకెళ్లి మందాన్ని రెండుగా కోయించాను. రంపపు పొట్టు, చిత్రిక పోగా ఒక్కొక్కటి 21 మిల్లీమీటర్లు తేలింది. అందుకే కొత్త దూలాలను అడుగు దూరానికి ఒకటి చొప్పున, వాలు వెంబడి, రబ్బరు దిమ్మెల మీద పెడుతున్నాను. పదకొండు పలకలు ఇరవై రెండై ఆటోలో తిరిగి వచ్చినప్పుడు అమ్మగారు వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఇక కొత్తగా కొనాల్సింది ఆరే.