ముందుగా చెప్పిన దేశానికే మొట్టికాయ

2021 నవంబర్ చివరి వారంలో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌లో ఒక కొత్త రకాన్ని పట్టుకున్నారు. 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పారు, 25న ప్రెస్‌మీట్ పెట్టి లోకానికంతా చెప్పారు. 26న దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టే సమయానికే బ్రిటన్ సహా కొన్ని దేశాలు అక్కడి ప్రయాణికులకు తలుపులు మూసేశాయి. మిగతావి వాటి బాటే పట్టాయి. విమానాలు ఆగిపోతే పరీక్షలకు కావాల్సిన రసాయనాలు కూడా రావని అక్కడి శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. మా ల్యాబులు బాగా పనిచేసినందుకు మమ్మల్ని శిక్షిస్తున్నట్టుందని ఆ దేశ విదేశాంగ శాఖ వాపోయింది. నెలాఖరున నెదర్లాండ్స్ ఒక సంగతి బయటపెట్టింది. 19, 23 తేదీల్లో తమ దేశంలో తీసిన శాంపిళ్లలోనూ ఇదే రకం ఉందట. అంటే, తలుపులు వేసేసరికే దొంగ ఇంట్లో ఉన్నాడు.

రోగం సంగతి ముందు చెప్పినవాళ్లే ముందు నష్టపోవడం ఒమిక్రాన్‌తో మొదలైంది కాదు. ప్రయాణాల మీద ఆంక్షలు ఎంత పాతవో ఈ గొడవా దాదాపు అంత పాతదే.

ఇప్పుడు క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అంటున్న రగూసా రేవు పాలకులు 1377లో ఒక శాసనం చేశారు. ప్లేగు ఉన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు దగ్గర్లోని చిన్న దీవిలోనో, పక్క ఊళ్లోనో నెల రోజులు గడిపాకే నగరంలోకి అడుగుపెట్టాలి. తర్వాత ఆ నెల కాస్తా నలభై రోజులైంది. ఇటలీ భాషలో నలభైని క్వరాంతా అంటారు. మన నోళ్లలో నానిన క్వారంటైన్ అక్కడి నుంచి వచ్చిందే. వెనిస్ 1423లో ఏకంగా ఒక దీవినే ప్లేగు ఆస్పత్రిగా మార్చింది. మనుషుల సంగతి సరే, ఉత్తరాలను కూడా వదిలేవారు కాదు. పటకారుతో పట్టుకుని, కాగితానికి గాట్లు పెట్టి, వెనిగర్‌లో ముంచేవారు. లేదంటే పొగ లోపలికి దూరేలా గంధకం ధూపం వేసేవారు. ఆ గాట్లు, గోధుమరంగు మరకలు ఉన్న ఉత్తరాలు ఇప్పటికీ పాత తపాలా వస్తువులు సేకరించేవాళ్ల దగ్గర కనిపిస్తాయి. 2020లో సరుకుల సంచులను సబ్బునీళ్లతో తుడిచిన మనకు వాళ్లను చూసి నవ్వే హక్కు లేదనుకోండి.

రూల్ ఉన్నా దాన్ని పక్కకు నెట్టే చేతులు ఎప్పుడూ ఉంటాయి. 1720 మే 25న గ్రాండ్ సెయింట్ ఆంటోయిన్ అనే సరుకుల ఓడ తూర్పు మధ్యధరా నుంచి ఫ్రాన్స్‌లోని మార్సే రేవుకు వచ్చింది. దారిలోనే పలువురు చనిపోయారు, వాళ్లలో ఓడ డాక్టరు కూడా ఉన్నాడు. మామూలుగా అయితే అలాంటి ఓడను దూరంగా దీవి దగ్గరే ఆపాలి. కానీ అందులో ఉన్నది పట్టు, నూలు బట్టలు, వాటిని అమ్ముకోవాల్సిన పెద్ద సంత ముంచుకొస్తోంది. పైగా సరుకులో నగర పాలకుల్లో ఒకరికి వాటా ఉంది. నిబంధనలు మెత్తబడ్డాయి, బట్టల మూటలు ఒడ్డుకు దిగాయి. రెండేళ్లలో నగర జనాభాలో దాదాపు సగం పోయింది. ఆ తర్వాత రోగం మిగతా ప్రాంతానికి పాకకుండా రాతి గోడ కట్టారు. దాని ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

19వ శతాబ్దంలో ఆవిరి ఓడలు, రైళ్లు వచ్చాక కలరా కూడా వాటితో సమానంగా పరుగెత్తింది. ఏ రేవులో ఎన్ని రోజులు ఆపుతారో తెలియక వ్యాపారులు లబోదిబోమన్నారు. అందుకే 1851లో 12 దేశాలు పారిస్‌లో కూర్చున్నాయి. ఒక్కో దేశం తరఫున ఒక డాక్టరు, ఒక దౌత్యవేత్త. ఆరు నెలలు మాట్లాడుకున్నారు. అసలు కలరా ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా లేదా అన్నదే తేలలేదు. ఓడలు ఆగితే ఎక్కువ నష్టపోయేది బ్రిటన్. క్వారంటైన్ దండగ అని గట్టిగా వాదించిందీ బ్రిటనే. గమ్మత్తేమిటంటే ఆ దౌత్యవేత్తలు ఆరోగ్యం గురించి కన్నా సరుకుల గురించే ఎక్కువ బెంగపడ్డారు. మొదటి ఒప్పందం కుదరడానికి 1892 దాకా పట్టింది. అదీ సూయజ్ కాలువ గుండా వెళ్లే ఓడలకు, ఒక్క కలరాకు మాత్రమే. కలరా వస్తే పక్క దేశాలకు చెప్పాలన్న నియమం మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లో వచ్చింది.

1918 నాటి ఫ్లూ పేరు చూడండి. యుద్ధంలో ఉన్న దేశాలు సైన్యం ధైర్యం సడలకూడదని వార్తలను తొక్కిపట్టాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలు దాచలేదు, రాజుకు జ్వరం వస్తే అదీ రాశాయి. దాంతో ప్రపంచం ఆ జబ్బుకు స్పానిష్ ఫ్లూ అని పేరు పెట్టేసింది. నిజం రాసినందుకు దక్కిన బిరుదు అది.

తలుపులు మూయడం ఎప్పుడూ పనికిరాదని కూడా అనలేం. అదే ఏడాది నవంబర్ 7న టలూన్ అనే ఓడ పసిఫిక్‌లో న్యూజిలాండ్ పాలన కింద ఉన్న పశ్చిమ సమోవా దీవుల రేవులో ఆగింది. అందులో ఫ్లూ రోగులు ఉన్నారు, అయినా జనాన్ని దిగనిచ్చారు. కొన్ని వారాల్లో అక్కడి జనాభాలో ఐదో వంతు చనిపోయారు. కొద్ది దూరంలోనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను కట్టడి చేసింది. అక్కడ ఫ్లూతో ఒక్కరూ చనిపోలేదు. దీవికి, అదీ రోగం రాకముందే తలుపు వేసుకున్న దీవికి, అది కుదిరింది. రోజూ వందల విమానాలు దిగే నగరానికి అదే లెక్క వర్తించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో మొదలైంది, 1951లో దేశాలన్నింటికీ ఒకే నిబంధనల పుస్తకం తయారైంది. ప్రయాణికుల చేతిలో పసుపు రంగు టీకా కార్డు మామూలైపోయింది. మశూచి 1980కల్లా అంతమయ్యాక ఆ పుస్తకంలో మూడే జబ్బులు మిగిలాయి: కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్. ఆ మూడింటి గురించి చెప్పినవాళ్లకైనా మేలు జరిగిందా అంటే, అదీ లేదు. 1991లో కలరా వచ్చిందని చెప్పిన పెరూ చేపల ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే పలు దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి. చనిపోయినవాళ్లు పదుల్లోనే, నష్టం మాత్రం వంద కోట్ల డాలర్ల పైమాటే.

ఇవన్నీ చూసిన ఏ ప్రభుత్వమైనా నోరు విప్పడానికి జంకుతుంది. 2002 నవంబర్‌లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో వింత న్యుమోనియా మొదలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఆ కబురు అందింది ఫిబ్రవరిలో. అదే ఫిబ్రవరి 21న అక్కడి డాక్టరు ఒకాయన జ్వరంతోనే హాంకాంగ్‌లో ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగాడు. ఒక్క రాత్రి. అదే అంతస్తులో బస చేసినవాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత సార్స్ అని పేరు పడ్డ ఆ న్యుమోనియా హనోయి, సింగపూర్, టొరంటో ఆస్పత్రుల్లో అలాగే మొదలైంది. 8,000 మందికి పైగా సోకింది, 774 మంది చనిపోయారు. సోకినవాళ్లలో చాలామంది డాక్టర్లు, నర్సులు. హనోయిలో ఈ జబ్బును మొదట గుర్తుపట్టిన డాక్టర్ కార్లో ఉర్బానీ కూడా దానికే బలయ్యాడు.

ఆ దెబ్బతో 2005లో నిబంధనలు తిరగరాశారు. జబ్బుల జాబితా పోయింది. ప్రపంచానికి ముప్పు అనిపించే ఏ సంఘటన అయినా, అలా తేలిన 24 గంటల్లో చెప్పాలి. బదులుగా మిగతా దేశాలు సరైన ఆధారం లేకుండా రాకపోకలు ఆపకూడదు. మొదటి సగం చాలావరకు అమలైంది. రెండో సగం తప్పితే అడిగే దిక్కు లేదు. 2014లో ఎబోలా సమయంలో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లకు చాలా విమానాలు ఆగిపోయి, సాయానికి వెళ్లాల్సిన డాక్టర్లు చేరుకోవడమే కష్టమైంది. ఎబోలా భయంతో ఆస్పత్రులు ఖాళీ అయ్యాయి. కాన్పులు, మలేరియా చికిత్స అటకెక్కాయి.

2020 మనకు తెలిసిందే, ఎక్కువ చెప్పనక్కర్లేదు. అంతకుముందు ఏడాది 146 కోట్ల దాకా ఉన్న విదేశీ పర్యాటకుల రాకలు 40 కోట్లకు పడిపోయాయి. ఓడల్లో పనిచేసే 4 లక్షల మంది డ్యూటీ అయిపోయినా ఆ ఏడాది చివర్లో ఇంటికి వెళ్లలేక సముద్రం మీదే ఉండిపోయారు. మనం ఇంట్లో కూర్చుని ఆర్డర్ చేసిన సరుకులను మోసింది వాళ్లే. టీబీ మరణాలు పదేళ్లకు పైగా తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగాయి. 2021లో రెండున్నర కోట్ల మంది పిల్లలకు మామూలు టీకాలే సరిగా అందలేదు. కొవిడ్ టీకా సంగతి సరేసరి. ఆ ఏడాది ముగిసేసరికి పేద దేశాల్లో ఒక్క డోసైనా పడినవాళ్లు 10 శాతం లోపే.

ఇక్కడే దక్షిణాఫ్రికా కోపానికి ఇంకో పొర ఉంది. సమాచారం ఇచ్చింది వాళ్లు, టీకాలు ముందు దక్కింది వేరేవాళ్లకు. 2007లో ఇండోనేషియా కూడా ఇదే మాట అంది. మా బర్డ్ ఫ్లూ శాంపిళ్లతో తయారైన టీకా మేమే కొనలేకపోతే ఎందుకివ్వాలని పంపడం ఆపేసింది. ఆ పేచీ తీరి, ఫ్లూ వరకు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు 2011లో కుదిరింది.

2025 మే 20న జెనీవాలో దేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. లాక్‌డౌన్ పెట్టమని గానీ, ప్రయాణాలు ఆపమని గానీ ఏ దేశాన్నీ శాసించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని అందులో విడిగా రాసుకున్నారు. శాంపిళ్లు ఇచ్చిన దేశానికి బదులుగా ఏం దక్కాలన్న లెక్కను మాత్రం ఒక అనుబంధానికి వదిలేశారు. ఆ అనుబంధం ఖరారయ్యాకే ఒప్పందం మీద సంతకాలు మొదలుపెట్టాలని అప్పుడు అనుకున్నారు.