జడ్జి అంచనా, యంత్రం వేసే మార్కు

సాక్షి బోనులో తడబడ్డాడా, నిబ్బరంగా చెప్పాడా? అవసరమనిపిస్తే జడ్జి ఆ తీరును కూడా రికార్డు చేయాలని పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 280వ సెక్షన్ చెప్పేది. మనిషిని చూస్తే నిజం తెలిసిపోతుందన్న నమ్మకం మనలో అంత గట్టిది. కానీ మనస్తత్వ శాస్త్రవేత్తలు బాండ్, డిపాలో 2006లో వందలాది పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, జనం నిజమేదో అబద్ధమేదో సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. కోర్టు మెట్లు తొలిసారి ఎక్కిన అమాయకుడికీ చెమటలు పడతాయి మరి.

అయితే యంత్రానికి అప్పగిద్దామా? అమెరికాలో కొన్ని కోర్టులు వాడే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్, ముద్దాయి మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో 1 నుంచి 10 వరకు మార్కు వేస్తుంది. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ రికార్డులతో డ్రెసెల్, ఫరీద్ అనే పరిశోధకులు 2018లో దాన్ని పరీక్షించారు. దాని అంచనా నిజమైంది 65 శాతం మందిలో. ముద్దాయి వివరాలు నాలుగు ముక్కల్లో చదివిన మామూలు జనం కూడా దాదాపు అంతే చెప్పగలిగారు. ఇంకా విచిత్రం, వయసు, పాత శిక్షల సంఖ్య, ఈ రెండిటితో వేసిన చిన్న లెక్కకూ అదే ఫలితం వచ్చింది!

తప్పిన అంచనాలు ఎవరి మెడకు చుట్టుకున్నాయన్నది ఇంకా ముఖ్యం. అదే కౌంటీలో, మళ్లీ ఏ నేరమూ చేయని నల్లజాతివారిలో 45 శాతం మందిని కంపాస్ ప్రమాదకరుల్లో కలిపేసిందని 2016లో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ బయటపెట్టింది. తెల్లవారిలో అది 23 శాతం. ఆ సాఫ్ట్‌వేర్ జాతి అడగదు. కానీ దాని ముందుకు వచ్చేది నేరాల చిట్టా కాదు, అరెస్టుల చిట్టా. పోలీసులు ఎక్కువగా తిరిగే వాడల్లో అరెస్టులూ ఎక్కువే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగిన కేసు. కంపాస్ మార్కు ఎలా వేశారో చెప్పమని ఓ ముద్దాయి అడిగితే, అది వ్యాపార రహస్యమంది దాన్ని తయారుచేసిన కంపెనీ. ఆ మార్కు ఒక్కటే శిక్షకు ఆధారం కాకూడదంటూనే, వాడుకోవచ్చని 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. జడ్జి పొరబడితే తీర్పులో కారణాలుంటాయి, అప్పీలులో వాటిని నిలదీయొచ్చు. లోపలి లెక్క చూపని అంకెను లాయరు ఏమని క్రాస్ చేస్తాడు?

అందుకే కేరళ హైకోర్టు 2025 జులైలో తెచ్చిన విధానం నాకు నచ్చింది. జిల్లా కోర్టుల్లో నిర్ధారణలకు, తీర్పులకు ఏఐని వాడొద్దంది. అనువాదానికి ఆమోదించిన పరికరాలు వాడినా, అనువాదకులో జడ్జో సరిచూడాల్సిందే. వాంగ్మూలంలో ఒక్క ‘లేదు’ జారిపోతే సాక్ష్యం తలకిందులవుతుంది.