కెనడా బాతులను పంపే బార్డర్ కోలీలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఆఫీసు ప్రాంగణమైనా, గోల్ఫ్ కోర్సయినా, అపార్ట్‌మెంట్ల మధ్య చెరువైనా, నీళ్ల ఒడ్డునే పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉంటే కెనడా బాతులు (కెనడా గూస్ అనే పెద్ద బాతులు) వాలిపోతాయి. తినడానికి గడ్డి, ప్రమాదం వస్తే దిగడానికి నీళ్లు, దూరం నుంచి ఎవరొస్తున్నారో కనిపించే మైదానం, అన్నీ ఒక్కచోటే దొరికాక ఇక ఎందుకు కదులుతాయి? నడకదారి నిండా రెట్టలు, గూళ్ల కాలంలో మనుషుల మీదికి వచ్చే మగబాతులు. అలాంటి చోట్లకు గొర్రెలు కాసే జాతి కుక్కలైన బార్డర్ కోలీలను తీసుకెళ్లి బాతులను పంపేయడం నా వృత్తి. కొత్తగా పిలిచేవాళ్లు దాదాపు ఇవే మాటలంటారు.

అపోహ: కుక్క బాతులను పట్టి కరుస్తుంది

ముట్టుకోదు. నోరు పెట్టే కుక్కను నేను పనికి తీసుకెళ్లను. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ఈ బాతులకు రక్షణ ఇస్తోంది. గాయపరచకుండా బెదరగొట్టి పంపడానికి ఫెడరల్ పర్మిట్ అక్కర్లేదు. అనుమతి లేకుండా చంపినా, పట్టుకున్నా, గూళ్ల జోలికి వెళ్లినా నేరం. రాష్ట్రం, ఊరు పెట్టిన నిబంధనలు వేరే ఉంటే అవీ చూసుకోవాలి.

అసలు కరవాల్సిన అవసరమే రాదు. బార్డర్ కోలీ తల భుజాలకంటే కిందికి దించి, వీపు చదునుగా చేసి, ఒక ముందుకాలు గాల్లోనే ఆపి చూస్తుంది. ఆ చూపు పడగానే మేస్తున్న బాతుల మెడలన్నీ నిటారుగా లేస్తాయి. కుక్క ఇంకో నాలుగడుగులు వేస్తే గడ్డాలు పైకి ఎగరేస్తూ తలలు విదిలించడం మొదలుపెడతాయి. ఇక లేవబోతున్నాయని దానర్థం. ఆ సమయంలో నేను కుక్కను పడుకోమంటాను. బాతులు కంగారుపడి చెల్లాచెదురు కాకుండా, గుంపుగా, రోడ్డు లేని వైపుకు లేవాలి. ఈ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన క్షణం అదే.

అపోహ: మా ఇంట్లో కుక్క ఉంది, వదిలితే చాలు

మొరుగుతూ అడ్డదిడ్డంగా పరిగెత్తే కుక్కను చూసి బాతులు చెరువులోకి దిగి నడిమధ్యకు వెళ్తాయి. కుక్క అలిసిపోగానే ఒడ్డెక్కుతాయి. కట్టేసిన కుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు, తాడు ఎంత దూరం వస్తుందో బాతులు త్వరగానే కనిపెడతాయి.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో గొర్రెలు కాయడానికి తరతరాలుగా ఎంచి పెంచిన జాతి ఇది. వేట జంతువులో ఉండే పొంచి చూడడం, చుట్టుముట్టడం మిగిలాయి, పట్టి చంపడం అణిగింది. బాతు కంటికి మాత్రం అది పొంచి వస్తున్న తోడేలో, నక్కో. దానికి తోడు శిక్షణ కావాలి. 'కమ్ బై' అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, 'అవే' అంటే ఎదురు వైపు, 'దట్ విల్ డూ' అంటే ఎక్కడున్నా వదిలేసి వెనక్కి రావడం. ఆఖరి మాట వినని కుక్కను రోడ్డు పక్క చెరువు దగ్గర వదలడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. నీళ్లలోకీ వెళ్లాలి. కుక్క ఈదుతుంది, లేదా నాతో పాటు కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న పడవలో) కూర్చుంటుంది. నీళ్లు కూడా భద్రం కాదని తెలిసేదాకా బాతులు ఆ చోటు వదలవు.

అపోహ: ఒక్కసారి తరిమితే పని అయిపోతుంది

మొదటి రోజు లేచిన గుంపు చాలాసార్లు అదే సాయంత్రం తిరిగొస్తుంది. అందుకే మొదట్లో రోజుకు కొన్నిసార్లు వెళ్తాం, రోజూ వేరే వేళకు, వేరే దిక్కు నుంచి. పొద్దున ఎనిమిదికే వస్తామని బాతులకు అర్థమైతే తొమ్మిదికి వాలతాయి. ఆ చోట ఎప్పుడు ఏం వస్తుందో తెలియదన్న టెన్షన్ వాటికి పట్టాలి. తర్వాత రాకపోకలు తగ్గించవచ్చు, పూర్తిగా మానేయకూడదు. ఈలోగా ఎవరైనా బ్రెడ్ ముక్కలు విసురుతుంటే మాత్రం మా శ్రమంతా వృథా.

అపోహ: వలస పక్షులే కదా, వాటంతటవే పోతాయి

కొన్ని పోతాయి. లాన్‌ల మీద ఏడాదంతా కనిపించేవి స్థానికంగా పుట్టి పెరిగినవి. ఒకప్పుడు వేటగాళ్లు ఎగిరే బాతులను కిందికి రప్పించడానికి బతికున్న బాతులను ఎరగా వాడేవారు. 1935లో అది నిషేధించాక చాలావాటిని వదిలేశారు. అంతరించిపోయిందనుకున్న పెద్దరకం కెనడా బాతు 1962లో మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో బయటపడింది. దాన్ని కాపాడాలని వన్యప్రాణి శాఖలు పెంచి ఎన్నో రాష్ట్రాల్లో వదిలాయి. వలస వెళ్లే దారిని పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకుంటాయి. చూపించేవాళ్లు లేనివాటికి తాము పుట్టిన చెరువే ఊరు, మళ్లీ గుడ్లు పెట్టేది కూడా అక్కడే.

అపోహ: ఏ నెలలో పిలిచినా ఒకటే

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. జనం జూన్‌లో ఫోన్ చేస్తారు, ఎందుకంటే రెట్టలు అప్పుడే భరించలేనంత అవుతాయి. కానీ జూన్, జూలైల్లో పెద్ద బాతులు రెక్కల ఈకలు రాల్చుకుని నెల రోజులకు పైగా ఎగరలేవు. పిల్లలకు ఎగరడం రావడానికి రెండు నెలలు దాటుతుంది. ఎగరలేని పక్షి మీదికి కుక్కను పంపితే అది ఎక్కడికి పోతుంది? అది హింస. ఆ కాలంలో నేను పని ఒప్పుకోను.

పిలవాల్సింది చలి తగ్గుముఖం పట్టగానే, జంటలు చోటు చూసుకుంటున్నప్పుడు. అప్పుడు అక్కడ గూడు పడకపోతే ఆ ఏడాది బెడద చాలావరకు తగ్గుతుంది. గూడు దక్కని బాతుల్లో చాలావి ఈకలు రాల్చుకోవడానికి వేసవి మొదట్లో ఉత్తరానికి వెళ్లిపోతాయి కూడా.

గుడ్లు పెట్టాక కుక్కను గూటి దగ్గరికి తీసుకెళ్లం. ఆడబాతు దాదాపు 28 రోజులు పొదుగుతుంది, మగబాతు కాపలా ఉండి రెక్కలతో కొడుతుంది. అప్పుడు చేయగలిగింది గుడ్లకు మొక్కజొన్న నూనె పూయడం. పెంకు లోపలికి గాలి ఆడదు, గుడ్డు పిల్ల కాదు. గుడ్లు తీసేస్తే ఆడబాతు మళ్లీ పెట్టవచ్చు, నూనె పూస్తే అలాగే కూర్చుంటుంది. దీనికి ముందుగా అమెరికా కేంద్ర వన్యప్రాణి శాఖ అయిన ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ దగ్గర నమోదు చేసుకోవాలి. నీళ్లలో వేస్తే తేలే గుడ్డులో పిండం బాగా ఎదిగి ఉంటుంది, దానికి నూనె పూయకుండా తిరిగి గూట్లో పెట్టేయాలి.

అపోహ: ప్లాస్టిక్ నక్క బొమ్మ చవక

కొన్నాళ్లు పనిచేస్తుంది. తర్వాత దాని పక్కనే మేస్తాయి.

అపోహ: ఒకరి బాతులను పక్కవాళ్ల మీదికి తోలుతున్నారు

ఇందులో నిజం ఉంది. లేచిన బాతు ఎక్కడో ఒకచోట వాలాలి. అందుకే చుట్టుపక్కల చెరువులవాళ్లందరినీ ఒకేసారి కలుపుకోమని చెప్తాను. ఒడ్డున గడ్డి కొయ్యకుండా నడుము ఎత్తు పెరగనిస్తే, దాని వెనక ఏం పొంచి ఉందో కనిపించక బాతులు అటు దిగడానికి జంకుతాయి. కుక్క పని సగం తగ్గుతుంది.

అపోహ: ఇదంతా గోల్ఫ్ క్లబ్బుల ముచ్చట

2009 జనవరి 15న న్యూయార్క్‌లో విమానం హడ్సన్ నదిలో దిగింది, రెండు ఇంజిన్లలోకీ కెనడా బాతులు వెళ్లడం వల్లే. సౌత్‌వెస్ట్ ఫ్లోరిడా అంతర్జాతీయ విమానాశ్రయం 1999లోనే పక్షులను తరమడానికి బార్డర్ కోలీని పెట్టుకుంది.

అపోహ: కుక్కను కష్టపెడుతున్నారు

పని లేని బార్డర్ కోలీ ఇంట్లో సోఫా చింపుతుంది. దానికి కష్టం వేరేచోట ఉంది: పలచని మంచు, రోడ్డు, వేసవిలో చెరువు మీద తేలే నీలి-ఆకుపచ్చ నాచు. ఆ నాచులో కొన్ని రకాల విషం కుక్కను గంటల్లో చంపగలదు. నీటి మీద రంగు ఒలికినట్టు పచ్చని తెట్టు కనిపిస్తే ఆ రోజు కుక్క నీళ్లలో దిగదు, తాగదు. ఎవరినైనా పనికి పెట్టుకునే ముందు ఈ విషయం అడగండి.