దుంగ లెక్క మిగిల్చిన వెలితి: విశాఖ అడవుల్లో బయోమాస్ కొలత

అడవిలో బయోమాస్, అంటే చెట్ల మొత్తం ఎండు బరువు, తేల్చడానికి నేటికీ వాడుతున్న కొలతల్లో చాలావరకు కలప అమ్మకానికి పుట్టినవే. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1882 అటవీ చట్టం వచ్చాక, రిజర్వు అడవిలో లెక్కకెక్కింది దుంగ. దాని నడిమి చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, వర్గం చేసి, పొడవుతో గుణించేవారు. మీటరు చుట్టుకొలత, 4 మీటర్ల పొడవు ఉంటే 0.25 ఘనపు మీటర్లు వస్తుంది. అసలు ఘనపరిమాణం 0.318. చెక్కేటప్పుడు పోయే తరుగు కొనేవాడి మీద పడకూడదనుకుంటే ఈ పద్ధతి సబబే. బయోమాస్‌కి మాత్రం ఐదో వంతుకు పైగా అక్కడే గల్లంతు. కొమ్మలు, మోడు, వేళ్లు ఆ లెక్కలోకే రావు.

1965లో మొదలైన అటవీ వనరుల సర్వే 1981లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అయింది. 31.62 మీటర్ల భుజంతో 0.1 హెక్టారు చదరపు నమూనా ప్లాటు, 10 సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్లు, జాతికో ఘనపరిమాణ సూత్రం: పద్ధతి గట్టిదే, గురి మాత్రం చాలాకాలం కలప మీదే ఉంది. వాతావరణ ఒప్పందాలతో కార్బన్ లెక్క అవసరమయ్యాకే మొత్తం చెట్టు బరువు ముఖ్యమైంది.

పాడేరు వాలుల్లో మొదటి పొరపాటు ప్లాటు వేయడంలోనే జరుగుతుంది. 30 డిగ్రీల వాలులో టేపును నేల వెంట 36.5 మీటర్లు లాగితేనే అడ్డంగా 31.62 అవుతుంది. ఆ సవరణ మరిస్తే ప్లాటు 13 శాతం తగ్గిపోతుంది. చెట్టును ఎగువ వైపు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలి. తీగ తొలగించి, టేపు బిగువుగా, కాండానికి అడ్డంగా పట్టాలి. 94 సెంటీమీటర్ల చుట్టుకొలత, 15 మీటర్ల ఎత్తు, ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాముల కలప సాంద్రత ఉన్న చెట్టుకు ఉష్ణమండల సాధారణ సూత్రం ప్రకారం నేలపైన సుమారు 440 కిలోల ఎండు బరువు వస్తుంది. చుట్టుకొలత 10 శాతం ఎక్కువ పడితే బరువు 20 శాతం పెరుగుతుంది. సరుగుడు తోటల్లో మరో చిక్కుంది. అమ్మకం పచ్చి బరువు మీద జరుగుతుంది, అందులో సగం దాకా నీరే ఉండొచ్చు. ముక్క కోసి, 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో బరువు నిలకడపడేదాకా ఆరబెడితే తప్ప ఎండు బరువు తేలదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు ఎన్నో చెట్లు కూలాయి, ఎన్నో నడిమికి విరిగాయి. విరిగి బతికిన చెట్టుకు కాండం లావుగానే ఉంటుంది, ఎత్తు ఉండదు, పైన లేత చిగుళ్లే. చుట్టుకొలతను బట్టి ఎత్తు ఊహించే సూత్రం అలాంటి చెట్టుకు లేని బరువు కట్టబెడుతుంది. లోపల తొర్ర ఉందంటే తప్పు ఇంకా పెరుగుతుంది. తుపాను దారిలో పడిన అడవులకు ఊహించిన ఎత్తులు వాడటం మా దృష్టిలో సరికాదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా-ఇస్రో ఉపగ్రహం నిసార్‌లోని రాడార్ హెక్టారుకు సుమారు 100 టన్నుల దాకానే బయోమాస్‌ని బాగా పట్టగలదు. దట్టమైన లోయల్లో అంతకు మించితే సంకేతం ఇక పెరగదు. అక్కడ నేలమీది ప్లాటే ఆధారం. అందుకే ప్లాటు పట్టికలో ప్రతి చెట్టుకూ పరికరంతో కొలిచిన ఎత్తుండాలి. తల విరిగిందా, తొర్ర ఉందా అన్నదానికి విడిగా ఓ గడి ఉండాలి.