న్యూరాన్లలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: నన్ను తరచూ అడిగే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చాక మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేరు వార్తల్లో బాగా నానింది. వెనకే వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చాయి. ల్యాబ్‌లో న్యూరాన్లతో, అంటే నాడీ కణాలతో, పనిచేస్తాను కాబట్టి చుట్టాలు, విద్యార్థులు నన్నే అడుగుతుంటారు. అందులో కొన్ని ఇవి.

అపోహ: కోవిడ్ టీకాల్లో ఉన్నది ఇదే.

కాదు. విదేశాల్లో ఎక్కువగా వేసిన ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఉన్నది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ప్రోటీన్ ఎలా తయారు చేయాలో కణానికి చెప్పేది అది, వేల అక్షరాల పొడవుంటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పొడవు 22 అక్షరాలు, అటూ ఇటుగా. మెసెంజర్‌కు అతుక్కుని దాని పనిని తగ్గించడమే దీని ఉద్యోగం. (మనవాళ్లలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లు అసలు ఆ రకం టీకాలే కావు.)

అపోహ: ప్రోటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏ చెత్తే.

స్పెయిన్‌లో రెండు కుటుంబాల్లో తరతరాలుగా వినికిడి క్రమంగా తగ్గిపోతూ వచ్చింది. మిర్-96 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలో ఒక్కో కుటుంబానికి ఒక్కో అక్షరం మారడమే కారణమని 2009లో తేలింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాల్లో పనిచేసేది అది. ఎలుకల్లో మిర్-128 తీసేస్తే ప్రాణాలు తీసే మూర్ఛ వచ్చింది. చెత్త తీసేస్తే ఇలా జరగదు కదా.

అపోహ: మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఆఫ్ చేస్తుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మలు చూసి చాలామంది ఇలాగే అనుకుంటారు. నిజానికి దీని పని ఫ్యాన్ రెగ్యులేటర్‌లాంటిది. 2008లో వేల ప్రోటీన్లను ఒకేసారి కొలిచి చూస్తే, ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రభావం వల్ల వాటిలో చాలావరకు సగానికి కూడా తగ్గలేదు. ఇంత చిన్న మార్పుతో ఏమవుతుందని తీసిపారేయకండి. న్యూరాన్‌లో ఎంత తగ్గిందన్నదానికంటే ఎక్కడ తగ్గిందన్నదే చాలాసార్లు ముఖ్యం.

హార్వర్డ్‌లో మైకేల్ గ్రీన్‌బర్గ్ ల్యాబ్ నుంచి గెర్‌హార్డ్ ష్రాట్, సహచరులు 2006లో ప్రచురించిన పని దీనికి మంచి ఉదాహరణ. ఎలుక మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగంలోని న్యూరాన్లలో మిర్-134 కణం నడిబొడ్డున మాత్రమే కాదు, దూరంగా డెండ్రైట్ కొమ్మల్లో, సినాప్స్‌ల (న్యూరాన్లు ఒకదానికొకటి సంకేతాలిచ్చుకునే చోట్ల) దగ్గర కూడా కనిపించింది. అక్కడ లిమ్‌కే1 అనే ప్రోటీన్ తయారీని పట్టి ఉంచుతుంది. డెండ్రైట్ మీది స్పైన్‌లు, అంటే సంకేతాలు అందుకునే చిన్న మొగ్గలు, పెరగాలంటే ఆ ప్రోటీన్ కావాలి. బీడీఎన్‌ఎఫ్ అనే సంకేతం అందగానే పట్టు సడలుతుంది, లిమ్‌కే1 అక్కడికక్కడే తయారవుతుంది. ఆర్డర్ కేంద్రకం దాకా వెళ్లి రావాల్సిన పని లేదు. వేల సినాప్స్‌లున్న కణం వాటిలో కొన్నింటినే ఎలా మార్చుకోగలదన్న ప్రశ్నకు ఇదొక్కటే జవాబు కాదు గానీ, నాకు బాగా నచ్చిన జవాబు ఇదే.

అపోహ: నరాల జబ్బులకు మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందులు వచ్చేశాయి.

రెండు మందుల పేర్లు కలిపేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు వాడతారు. కానీ అది ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ, అంటే ల్యాబ్‌లో తయారుచేసిన మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏ, పనిచేసేది కాలేయంలో. ఎస్ఎంఏ (వెన్నుపాములోని నాడీ కణాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్న పిల్లలకిచ్చే నుసినెర్సెన్ ఆర్‌ఎన్‌ఏ అతుకుల తీరును మార్చే వేరే రకం మందు. రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు కాబట్టి దాన్ని వెన్నులోకి సూదితో ఎక్కిస్తారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏను అడ్డుకునే మందులదీ అదే ఇబ్బంది. 2012లో మిర్-134ను అడ్డుకుంటే ఎలుకల్లో మూర్ఛలు తగ్గాయి, అయితే ఆ మందును నేరుగా మెదడులోకే ఇచ్చారు.

అపోహ: చుక్క రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలతో అల్జీమర్స్‌ను ముందే పట్టేయొచ్చు.

ఈ ప్రకటనలు చూస్తే నాకు చిరాకు. రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి, నిజమే. అయితే మిర్-451, మిర్-16 లాంటివి ఎర్ర రక్తకణాల్లో కుప్పలుగా ఉంటాయి. రక్తం తీసేటప్పుడు కణాలు కాస్త చిట్లినా అవి ప్లాస్మాలోకి, అంటే రక్తంలోని ద్రవంలోకి, దిగి లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. అలాంటి మిర్-16నే చాలా పేపర్లలో మిగతావాటిని పోల్చే కొలబద్దగా వాడారు! ఎవరైనా ఇలాంటి టెస్ట్ ఉందంటే, శాంపిల్‌లో కణాలు చిట్లాయో లేదో ఎలా చూశారని అడగండి.

అపోహ: తిండిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ మెదడుకు బలం.

బియ్యంలోని మిర్-168 తిన్నవాళ్ల రక్తంలోకి చేరి కాలేయంలో రక్తం నుంచి కొలెస్ట్రాల్‌ను తీసేయడానికి తోడ్పడే ఒక జన్యువు పనిని తగ్గిస్తుందని చైనా బృందం ఒకటి ప్రకటించింది. మెదడు ఊసే అందులో లేదు. తర్వాత వేరే ల్యాబ్‌లు ఎలుకలకు అన్నం పెట్టి చూస్తే లెక్కలోకి వచ్చేంతగా ఏదీ కనిపించలేదు. కొలెస్ట్రాల్‌లో వచ్చిన మార్పుకు కూడా ఉత్త అన్నం తినడం వల్ల పోషకాల్లో వచ్చిన తేడానే కారణమని తేల్చారు. ఆ పేరు చెప్పి అమ్మే పొడులు కొనకండి.